సీటుకు ఇక్కడ, సాయానికి అక్కడ

మడకశిర బస్సు మెజెస్టిక్‌లోకి తిరిగేసరికి ఉదయం ఆరున్నర. సెప్టెంబరు ముసురు. చిత్తడి ప్లాట్‌ఫారం మీద గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయిని చూడండి. భుజాన బ్యాగు, చేతిలో నీలం ప్లాస్టిక్ ఫైలు. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీల వెంబడి నడుస్తోంది. నాలుగో కిటికీలోంచి వాళ్లమ్మ చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో బట్టలకొట్టు కవరు, దానికి రెండు ముళ్లు.

"ఇచ్చినారా మా?"

"ఇచ్చినారు లే. ముందు టీ తాగుదాం పా."

టీ బై టూ చెప్పారు. బెంగళూరులో ఒక టీని ఇద్దరు పంచుకుంటే ఎవరూ వింతగా చూడరు. తల్లి గ్లాసు పట్టుకుని ఊదుకుంటోంది, కూతురు టీ సంగతి మరిచి కవరు ముడి విప్పుతోంది. లోపల రెండు కాగితాలు. ఒకటి కులం, నేటివిటీ, పుట్టిన తేదీ కలిపి ఇచ్చే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్టు. రెండోది ఆదాయం. గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టి, తహసీల్దారు ఆఫీసు నుంచి అవి వచ్చేదాకా ఆడబిడ్డ ఇంట్లో ఉండి తెచ్చినవి. ఆ పనిదినాలన్నీ ఇక్కడ రెండిళ్లలో ఆమె జీతంలోంచి కోతపడతాయి.

పిల్ల కళ్లు అంకెల మీదికి పోలేదు, పేరు మీదికి పోయాయి. తండ్రి పేరు ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో అక్షరం వేలితో నొక్కుతూ ఆధార్ జిరాక్సుతో సరిచూస్తోంది. సరిపోయింది. తర్వాత జిల్లా. కొత్త కాగితంలో శ్రీ సత్యసాయి జిల్లా అని ఉంది, ఆధార్‌లో అనంతపురం అని ఉంది. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మడకశిర కొత్త జిల్లాలో పడింది, అంతే.

"ఇది అడుగుతారు మా, చూడు."

"అడిగితే చెప్దాం. మనం మార్చినామా జిల్లాని?"

ఆదాయం దగ్గర లక్షా ఇరవై వేలని ఉంది. ఆయన సెంట్రింగ్ పని చేసేది దేవనహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో. ఈమె వంటపని చేసేది మారతహళ్లి దగ్గర. ఇద్దరూ ఒక్క రూపాయి కూడా మడకశిరలో సంపాదించడం లేదు. ఆ సంపాదన ఎంతో ధ్రువీకరించాల్సింది మాత్రం మడకశిర తహసీల్దారు. ఇక్కడి రెవెన్యూ ఆఫీసు నాడకచేరిలో అడిగితే తండ్రి ఆధార్‌లో అడ్రసు ఆంధ్రా కదా, అక్కడే తెచ్చుకోండి అని పంపేశారట.

మారతహళ్లి వైపు వెళ్లే 335 బస్సు ఎక్కుదాం వాళ్లతో. కిటికీ సీటు తల్లిది. కండక్టరు వచ్చాడు. పిల్ల ఆధార్ చూపించింది. ఆమెది అద్దె ఇంటి అడ్రసు, బెంగళూరు. సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఈ రాష్ట్రపు అడ్రసున్న ఆడవాళ్లకు సిటీ బస్సులో టికెట్టు ఉచితం. తల్లి కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. ఆమె ఆధార్ ఆంధ్రాది.

"నిన్న మనూర్నుంచి మడకశిర దాకా నాకూ సున్నానే," అంది ఆమె, కాస్త గొప్పగానే. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి మాట అది. సరిహద్దు దాటే బస్సుకు అది వర్తించదు కాబట్టి మడకశిరలో టికెట్టు కొట్టించుకుంది, ఇక్కడ మళ్లీ కొట్టించుకుంటోంది. పక్కపక్క సీట్లలో తల్లీ కూతుళ్లు, చెరో రాష్ట్రపు మనుషులు. ఈ రోజంతా జరగబోయేదానికి ఈ రెండు టికెట్లే నమూనా.

మైసూరు బ్యాంకు సర్కిలు దాటి కె.ఆర్. సర్కిలు దగ్గర బస్సు సిగ్నలుకు ఆగింది. పిల్ల తల తిప్పి బయటికి చూస్తోంది. అక్కడున్నది యూవీసీఈ, 1917లో పెట్టిన యూనివర్సిటీ విశ్వేశ్వరయ్య ఇంజనీరింగు కాలేజీ. పేరులో ఉన్న విశ్వేశ్వరయ్య పూర్వీకులు గిద్దలూరు దగ్గరి మోక్షగుండం నుంచి మైసూరు రాజ్యానికి వలస వచ్చిన తెలుగువాళ్లు. ఆయన చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఒక ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పి పొట్ట పోసుకున్నాడు. బి.ఏ. అయ్యాక మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి పూనాకు పంపితేనే ఇంజనీరింగు చదివాడు. 1883లో అక్కడ మొదటి ర్యాంకు. మీ తాతలది ఏ రాజ్యమని అడిగి ఆయన అర్జీ వెనక్కి కొట్టి ఉంటే, ఆ కాలేజీ బోర్డు మీద వేరే పేరుండేది. అయితే కథ అంత నున్నగా లేదు. ఆయనే దివాను అయ్యాక, 1918లో వెనకబడినవాళ్లకు చదువుల్లో, కొలువుల్లో వాటా తేల్చడానికి మహారాజు మిల్లర్ కమిటీని వేస్తే అది ఆయనకు మింగుడుపడలేదు. ఆ ఏడాది చివర్లో దివాను పదవి వదిలేశాడు. సాయంతో పైకొచ్చిన మనిషి, ఇంకొకరికి సాయం ఏ లెక్కన అందాలన్న దగ్గర ప్రతిభ ఒక్కటే చాలన్నాడు. ఇంజనీరింగులో చేరిన ఈ పిల్లకు యూవీసీఈ కొద్దిలో తప్పిపోయింది. దొరికి ఉంటే ఫీజు గొడవ సగానికి సగం తగ్గేది.

సిగ్నలు పడింది. బస్సు నృపతుంగ రోడ్డులోకి తిరిగింది. ఈ రోడ్డు మీదే రిజర్వు బ్యాంకు ఆఫీసు ఉంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నం పనికొస్తుంది.

మారతహళ్లి దగ్గర మున్నేకొళాలలో సైబర్ సెంటరు. షట్టరు సగమే ఎత్తి ఉంది కానీ లోపల అప్పటికే నలుగురు కూర్చున్నారు. గోడ నిండా అంటించిన కాగితాలు: పాన్, ఆధార్ ప్రింటు, కులం ఆదాయం, ఎస్‌ఎస్‌పీ, ఎన్‌ఎస్‌పీ, ఎడ్యుకేషన్ లోను. కుర్రాడు ఇక్కడివాడే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. తల్లిని అక్కా అంటాడు.

"ఏమక్కా, వచ్చినాయా సర్టిఫికెట్లు?"

ముందు ఎస్‌ఎస్‌పీ, అంటే కర్ణాటక ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ తెరిచాడు. కాలేజీ రిజిస్టరు నంబరు కొట్టాడు, ఎస్‌ఎస్‌ఎల్‌సీ నంబరు కొట్టాడు, పిల్ల పేరు తనంతట తానే వచ్చింది. ఒకటో తరగతి నుంచి పీయూసీ దాకా ఈ రాష్ట్రపు సర్కారీ బళ్లలోనే చదివింది మరి. తర్వాతి గడిలో కర్సరు మిణుకుమంటూ ఆగింది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల ఆర్‌డీ నంబరు. నాడకచేరి ఇచ్చే కాగితం మీదే ఆ నంబరుంటుంది. ఆంధ్రా కాగితం మీద వేరే నంబరుంది, అంతకన్నా పొడుగ్గానే ఉంది కానీ ఈ గడిలో దిగదు.

కుర్రాడు కుర్చీ వెనక్కి వాల్చాడు. "ఇది ఇక్కడ పోదక్కా. నేను పోయిన ఏడాదే ఇట్లాంటివి చూసినా."

"నేను పుట్టింది పావగడే కదప్పా. నాది కర్ణాటకే గదా."

ఆమె చెప్పింది నిజమే. పావగడ తాలూకా కర్ణాటకది. మూడు పక్కలా ఆంధ్రా, ఇంట్లో మాట తెలుగు. అక్కడి నుంచి సరిహద్దు దాటి మడకశిర వైపు కోడలిగా వెళ్లింది. రెండు వైపులా అదే కులం, రెండు రాష్ట్రాల ఎస్సీ జాబితాల్లోనూ ఉన్న కులం. బిడ్డ కులం లెక్క తండ్రి వైపు నుంచి వస్తుంది. తండ్రిది ఆంధ్రా.

ఈ ముడి ఈ సెంటరులో పడింది కాదు. మర్రి చంద్రశేఖరరావు కేసని న్యాయం చదివేవాళ్లందరికీ తెలిసిన తీర్పు ఒకటుంది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో పాటు చిన్నప్పుడే బొంబాయి వెళ్లి, అక్కడే చదువుకుని, మెడికల్ సీటుకు ఎస్టీ కోటాలో దరఖాస్తు పెట్టిన తెలుగు కుర్రాడిది. 1990 మేలో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కుదరదంది. రాజ్యాంగం 341, 342 అధికరణాల్లో జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంగా తయారయ్యాయి, ఒకచోట వెనకబాటు మరోచోట అదే కొలతలో ఉండాలని లేదు, కాబట్టి వలస వెళ్లినవాళ్లకు ఆ హోదా పుట్టిన రాష్ట్రంలోనే చెల్లుతుందని. తెనాలికీ బొంబాయికీ మధ్య ఆ తర్కం నిలబడొచ్చు. పావగడకూ మడకశిరకూ మధ్య, ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకునే ఊళ్ల మధ్య దాన్ని పెట్టి చూస్తే నాకు మాత్రం పలచగా కనిపిస్తుంది.

వింతేమిటంటే, ఇంజనీరింగు సీటు దగ్గర ఈ ప్రశ్నే రాలేదు. సీఈటీలో కర్ణాటక అభ్యర్థి అనిపించుకోవడానికి ఇక్కడ ఏడేళ్లు చదివి ఉంటే చాలు. ఆమె పన్నెండేళ్లు చదివింది. జనరల్ మెరిట్‌లో సీటొచ్చింది. సీటుకు ఈ రాష్ట్రపు బిడ్డ, సాయానికి ఆ రాష్ట్రపు బిడ్డ.

"ఆంధ్రా వాళ్లు ఇస్తారు కదా అన్నా? రూల్లో సొంత రాష్ట్రమే ఇవ్వాలని ఉంది," అంది పిల్ల. ఫోనులో చదివి వచ్చింది. నిజమే, ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర పథకం. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే మంజూరు చేయాలి. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. కానీ ఆ తలుపు దాకా వెళ్లాలంటే తల్లి మళ్లీ మడకశిర బస్సెక్కాలి.

"అది పెడదాం, వదలొద్దు. దానికి టైము పడతాది. ఈలోగా ఎన్‌ఎస్‌పీ చూడు," అన్నాడు కుర్రాడు.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో సెంట్రల్ సెక్టార్ స్కీము. ఇంటరు బోర్డులో పై ఇరవై పర్సెంటైల్‌లో ఉండాలి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, బీటెక్ నాలుగో ఏడు 20,000. కులం లెక్క కన్నా ముందు ఇక్కడ బోర్డు లెక్క వస్తుంది, ఏ బోర్డులో పాసైతే ఆ బోర్డు వాటాలో పోటీ. పిల్ల మొహం కొంచెం విచ్చుకుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇది తీసుకుంటే ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. మడకశిర దారిన ఫీజు మొత్తం రావచ్చు, ఎప్పుడొస్తుందో తెలియదు. ఇది వస్తే పన్నెండు వేలే, కానీ ఆశ పెట్టుకోవచ్చు.

ముఖం గుర్తింపు. కుర్రాడు ఫోను ఎదురుగా పట్టుకున్నాడు. "కళ్లు ఆర్పు... ఇంకోసారి... ట్యూబులైటు కిందికి రామ్మా." మూడోసారికి పచ్చ గుర్తొచ్చింది. తర్వాత తండ్రి ఆధార్‌తో ఏదో సరిచూడాలి, ఓటీపీ ఆయన ఫోనుకు పోయింది. పిల్ల డయల్ చేసింది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. స్క్రీను మీద సెకన్లు తగ్గుతున్నాయి. మళ్లీ చేసింది. ఈసారి ఎత్తాడు. వెనకాల కాంక్రీటు మిక్సరు రొద.

"నాయనా, మెసేజీ వచ్చింది చూడు. ఆరంకెలు."

"యాడ చూడల్లమ్మీ, సెంట్రింగు మీదున్నా."

"చెవి దగ్గర్నుంచి తీసి చూడు నాయనా. ఫోను పెట్టేయొద్దు!"

అంకెలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఐదో అంకె రొదలో పోయింది. తొమ్మిదా, ఏడా? సెంటరులో అందరూ ఆగి వింటున్నారు. పాన్ కార్డుకు వచ్చిన పెద్దాయన "తొమ్మిదంటాడు, తొమ్మిది" అన్నాడు. కుర్రాడు తొమ్మిది కొట్టాడు. పడింది.

ఇంకొక ఫారం మిగిలింది. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాళ్లది, ప్రభుత్వ బళ్లలో పది, పన్నెండు చదివి డిగ్రీలోనో డిప్లొమాలోనో మొదటి ఏడు చేరిన ఆడపిల్లలకు ఏడాదికి 30,000. ఫోటో, సంతకం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, రెండు మార్కుల కార్డులు, కాలేజీలో చేరినట్టు రుజువు. తండ్రి ఏ ఊళ్లో పుట్టాడన్న దానితో పని లేదు. పిల్ల ఎక్కడ చదివిందన్నదే ప్రశ్న. పది నిమిషాల్లో అయిపోయింది. ఆ పక్కన రెండు గంటలు పట్టిన పనిని చూశాక ఇంత సులువుగా అయిపోవడం నమ్మలేనట్టుంది తల్లికి. "అంతేనా? సంతకాలేం వద్దా?" అని రెండుసార్లు అడిగింది.

మధ్యాహ్నం బ్యాంకు. ఇది రెండో బ్యాంకు. పోయిన వారం ఇంకొకదానికి వెళ్తే, తండ్రి అడ్రసు ఆంధ్రా కదా, మీ సర్వీస్ ఏరియా బ్రాంచి అక్కడుంటుంది, అక్కడే అడగండి అన్నారు. పొద్దున నృపతుంగ రోడ్డులో గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. 2012 నవంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటికీ రాసింది, ఇల్లు సర్వీస్ ఏరియాలో లేదన్న కారణంతో విద్యారుణం అర్జీని తిరస్కరించొద్దని. పదమూడేళ్ల కిందటి మాట. కౌంటరు దాకా అది దిగిరావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో.

ఇక్కడ అదృష్టం. లోన్ల ఆఫీసరుది గుంటూరు వైపు యాస.

"కూర్చోండమ్మా. ఏం కాలేజీ?" పేరు విని కంప్యూటర్లో వెతికాడు. "పీఎం విద్యాలక్ష్మిలో లేదండి మీ కాలేజీ." 2024 నవంబరు 6న కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్న పథకం అది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటొస్తే పూచీకత్తు లేదు, తాకట్టు లేదు. ఈ ఊళ్లో ఇంజనీరింగు కాలేజీలు వీధికొకటి ఉన్నాయి, ఆ జాబితాలో ఉన్నవి కొన్నే.

"అయితే రాదా సార్?" పిల్ల గొంతు సన్నగా అయింది.

"అట్లా కాదు తల్లీ. మామూలు విద్యారుణం ఉందిగా. ఏడున్నర లక్షల దాకా తాకట్టు అడగం, దానికి ప్రభుత్వం గ్యారంటీ ఫండు ఉంది. నాలుగేళ్లకు ఎంత అడుగుతున్నావు?"

"నాలుగు లక్షలు సార్."

మొదటి ఏడాది ఫీజు ఎప్పుడో కట్టేశారు. చీటీ తక్కువకు పాడి ఎత్తి, చాలనిది సంఘంలో తీసి. ఆ రసీదు కూడా ఫైలులో ఉంది. తల్లి కుర్చీ అంచున కూర్చుని అసలు ప్రశ్న వేసింది.

"నూటికెంత సార్?"

"పది శాతానికి అటూ ఇటూ ఉంటదమ్మా."

ఆమె మొహం పాలిపోయింది. పిల్లకు అర్థమైంది. "నెలకు కాదు మా, ఏడాదికి. నూటికి రూపాయి కూడా పడదు. ఎనభై, ఎనభై ఐదు పైసలు."

తల్లి ఆఫీసరు వైపు చూసింది, ఈ పిల్ల చెప్పేది నిజమేనా అన్నట్టు. ఆమెకు తెలిసిన వడ్డీ నూటికి మూడు రూపాయలు. చీటీ పాటలో వదులుకున్న డబ్బు ఇంకా ఎక్కువ. రూపాయి లోపు వడ్డీ ఈ ఊళ్లో తమలాంటివాళ్లకు కూడా ఉంటుందని ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆఫీసరు చెప్పుకుపోతున్నాడు. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదు. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా గడువు. ఆదాయం నాలుగున్నర లక్షల లోపే కాబట్టి, కాలేజీకి న్యాక్ గుర్తింపు ఉంటే, చదివినన్నాళ్లూ ఆ పైన ఏడాదీ వడ్డీ కేంద్రం కడుతుంది. ఆ సబ్సిడీకి నోడల్ బ్యాంకు కెనరా బ్యాంకు, దాని హెడ్డాఫీసు ఇదే ఊళ్లో జె.సి. రోడ్డులో ఉంది. పొద్దున వాళ్లు దాని పక్క నుంచే వచ్చారు. దానికి కావలసింది ఒక్కటే కాగితం, రాష్ట్ర ప్రభుత్వ అధికారి ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ.

"ఏ రాష్ట్రం సార్?" అంది పిల్ల వెంటనే.

ఆఫీసరు నవ్వాడు. "ఏదైనా సరే. అధికారి ఇచ్చి ఉండాలి, అంతే." కాగితం అందుకుని చూశాడు. పెన్ను జిల్లా దగ్గర ఆగింది. "ఇదేంటి, ఆధార్‌లో అనంతపురం..."

"జిల్లా మారింది సార్," తల్లి ముందే సిద్ధంగా ఉంది. "మేం మారలేదు."

ఆయన తల ఊపి పక్కన చిన్న టిక్కు పెట్టాడు. తర్వాత ఫారం తిప్పి చివరి పేజీ చూపించాడు. కో-అప్లికెంటు సంతకం. సిబిల్ చూడాలి. తండ్రి రావాలి, పాన్ తేవాలి, ఇక్కడే సంతకం పెట్టాలి.

"ఉద్యోగం రాకపోతే సార్?" తల్లి అప్పుడడిగింది, లేవబోతూ.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. "ఒప్పుకున్న అప్పు ఒప్పుకున్నదేనమ్మా. కానీ చెప్తే గడువు సర్దొచ్చు. చెప్పకుండా తప్పుకుంటేనే చిక్కు." మంచి జవాబే. అప్పును స్కాలర్‌షిప్‌లా వర్ణించి అమ్మేవాళ్లను చాలామందిని చూశాను, ఈయన ఆ పని చేయలేదు.

బయటికొచ్చేసరికి వాన తెరిపిచ్చింది. పిల్ల అప్పటికే ఫోను చెవిన పెట్టుకుంది.

"నాయనా, రేపు రావల్ల. సంతకం."

"రేపు స్లాబమ్మీ. మేస్త్రీ వదలడు."

"ఎల్లుండి?"

అవతల లెక్క వేస్తున్నట్టున్నాడు. ఒక పూట కూలి, దేవనహళ్లి నుంచి రానూపోనూ చార్జీలు. తల్లి ఫోను లాక్కుంది. "ఎల్లుండి పొద్దున్నే రా. పాన్ కార్డు ట్రంకులో ఉంది, నేను తీసి పెడతా. వడ్డీ రూపాయి లోపేనంట."

"నెలకా?"

"నెలకే. నూటికి ఎనభై ఐదు పైసలు."

"నిజమేనా? మళ్లీ అడిగినావా?"

"పాప లెక్కేసింది. ఆయప్ప కాదనలేదు. ఫోటోలు రెండు కావల్ల, కొత్తవి. గడ్డం గీయించుకుని రా."